ఇందువెంట జతపరచడమైనది

వెనకటి దరఖాస్తు దేనికైనా అడుగున ఒక వాక్యం వుండి తీరేది: "ఇందువెంట జతపరచడమైనది." దానికింద ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి, పుట్టినతేదీ పత్రమనీ, చదువు సర్టిఫికెట్లనీ, నడవడిక పత్రమనీ జాబితా రాసేవారు. పైన ఎంత వినయం ఒలకబోసినా, ఆఫీసులో గుమాస్తాగారి చెయ్యి తిన్నగా ఆ జాబితా దగ్గరకే పోయేది. అందులో ఒక్క కాగితం తగ్గిందా, దరఖాస్తు తిరుగుటపాలో ఇల్లు చేరేది. కాగితం పోయి కంప్యూటరు తెర వచ్చింది. తపాలా సంచి పోయి ఈమెయిలు వచ్చింది. ఆ జాబితా మహిమ మాత్రం ఇసుమంత కూడా తగ్గలేదు. దానికిప్పుడు అటాచ్‌మెంటు అని పేరు.

హైదరాబాదులో యీ మాట చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వీధుల్లో వినపడినన్నిసార్లు మరోచోట వినపడదేమో! కారణం లేకపోలేదు. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం వుంది. సర్కారు ఉద్యోగం కోసం జిల్లాలనుంచి వచ్చిన కుర్రకారంతా ఆ గ్రంథాలయాన్ని నమ్ముకుని వుంటారు. వాళ్లకు పాఠాలు చెప్పే కోచింగు సెంటర్లు అశోక్‌నగర్ నిండా వున్నాయి. వాళ్లు తలదాచుకునే హాస్టళ్లు, కర్రీపాయింట్లు, జిరాక్సు దుకాణాలు సందుసందునా వున్నాయి. 2020 ఫిబ్రవరి 7న మెట్రో రైలు యీ దారినపడి చిక్కడపల్లికొక స్టేషనూ, ఆ పక్కనే నారాయణగూడకొక స్టేషనూ వెలిశాక జిల్లాలవాళ్ల రాకపోకలు మరీ సులువయ్యాయి. ఇంతమంది జనం, ఇన్ని పరీక్షలు, ఇన్ని సర్టిఫికెట్లు! వీటన్నిటినీ ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి జతపరచి పంపుతూనే వుండాలి.

మా ఎదురింట్లో ఒక మాస్టారున్నారు. గ్రూప్స్ పరీక్షలకు వ్యాసాలు రాయడం నేర్పుతారు. ఆయన దగ్గర 120 మంది పిల్లలు. ప్రతి ఆదివారం వాళ్లు రాసిన జవాబులు దిద్ది, స్కాను చేయించి, ఎవరి కాగితాలు వాళ్లకు ఈమెయిల్లో పంపుతారు. ఒక్కొక్క వుత్తరానికి రెండేసి నిమిషాలు వేసుకున్నా 240 నిమిషాలు. అంటే నాలుగు గంటల కాలం! చిరునామా వెతకడం, కాగితం వెతకడం, జతపరచడం, పంపడం, మళ్లీ చిరునామా వెతకడం. దిద్దడంకంటే పంపడమే ఆయనకు పెద్ద శిక్షయి కూర్చుంది.

యీ మధ్య ఆయన మేనకోడలు పండక్కి వచ్చింది. మాదాపూరులో కంప్యూటరు ఉద్యోగం. మేనమామ అవస్థ చూసి, "ఇంత చిన్న పనికి ఇంత రాద్ధాంతమా మావయ్యా? ఒక స్క్రిప్టు రాసిపెడతాను, వుండండి" అన్నది. నేనూ కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ సాయంత్రం నేను విన్నదీ, ఆ తరవాత చదివి తెలుసుకున్నదీ కలిపి యిక్కడ రాస్తున్నాను.

స్క్రిప్టంటే ఏమిటి? చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో నాటకాలు చూసినవారికి ప్రాంప్టరు తెలిసేవుంటాడు. తెర పక్కన నిలబడి, రాసివున్న మాటలు వరసగా అందిస్తాడు. నటుడు అవి అందుకుని ఆడుకుపోతాడు. కంప్యూటరు అటువంటి నటుడు. "యీ జాబితా తెరు, మొదటివాడి పేరు చదువు, వాడి కాగితం వెతుకు, వుత్తరం కట్టు, పంపు, రెండోవాడి దగ్గరకు పో" అని మనం పది ఇరవై వాక్యాల్లో రాసిపెడితే, అది పైనుంచి కిందికి చదువుకుంటూ, అలుపూ సొలుపూ లేకుండా చేస్తుంది. ఇట్లా రాసుకోవడానికి అనువైనవాటిని స్క్రిప్టింగు భాషలంటారు. 1987లో లారీ వాల్ అనే ఆయన పెర్ల్ అనే భాషను లోకానికిచ్చాడు. 1991లో గైడో వాన్ రోసమ్ అనే డచ్చి దేశస్థుడు పైథాన్ అనే భాషను విడుదల చేశాడు. మాస్టారి మేనకోడలు వాడింది యీ పైథానే. పేరుకు కొండచిలువ అయినా చాలా సాధుజంతువట! వుత్తరం కట్టే సరంజామా, పంపే సరంజామా రెండూ ఆ భాషతోపాటే వస్తాయి, విడిగా కొనుక్కోనక్కరలేదు.

ఇంతకూ అసలు చిత్రం ఏమిటంటే, ఈమెయిలు పుట్టినప్పుడు దానికి బొమ్మలూ తెలియవు, కాగితాలూ తెలియవు. 1982లో జాన్ పోస్టెల్ అనే అమెరికా శాస్త్రవేత్త వుత్తరాలు ఒక యంత్రంనుంచి మరొక యంత్రానికి చేరే పద్ధతికి నియమాలు రాశాడు. దాన్ని ఎస్‌ఎంటీపీ అంటారు. ఆ దారిలో పోవడానికి హక్కున్నవి మొత్తం 128 గుర్తులే: ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి, అంకెలు, చుక్కలు, కామాలు వగైరా. అమ్మాయి పెళ్లి ఫొటో పంపుతానంటే కుదరదు. "అమ్మా, బాగున్నావా" అని తెలుగు లిపిలో రాస్తానన్నా కుదరదు.

మనవాళ్లు చేతులు కట్టుకు కూర్చోలేదు. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ కలిసి తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసే ఒక పద్ధతి ఏర్పాటుచేశారు. దాన్ని ఆర్‌టీఎస్ అంటారు. చిన్నబడి టీ కొడితే "త", పెద్దబడి టీ కొడితే "ట". చదివేవాడి కంప్యూటరు ఆ ఇంగ్లీషు వేషం విప్పి మళ్లీ తెలుగు చేసి చూపేది. దేశంకాని దేశంలో వున్నవాళ్లు పద్యాలూ కబుర్లూ ఇట్లా మారువేషంలో పంపుకున్నారు.

సరిగా యీ మారువేషం కిటుకే అటాచ్‌మెంటుకూ ప్రాణం. నథానియల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ అనే ఇద్దరు అమెరికనులు 1992లో మైమ్ అనే ఏర్పాటు ప్రకటించారు. ఆ సంవత్సరం మార్చి 11న బోరెన్‌స్టీన్ కొత్త పద్ధతిలో ఒక వుత్తరం పంపాడు. అందులో తాను మరి ముగ్గురితో కలిసి దిగిన ఫొటో ఒకటి, ఆ నలుగురూ పాడిన పాట ఒకటి జతపరచాడు. "ఇందుకోసం ఇంత తంటాలెందుకయ్యా?" అని అడిగినవారికి, రేపు నాకు మనవలు పుడితే వాళ్ల ఫొటోలు ఈమెయిల్లో చూసుకోవాలని వుంది అనేవాడట. ఇవాళ ఇంటింటా తాతలూ అమ్మమ్మలూ అనుభవిస్తున్న సుఖం ఆయన కోరుకున్నదే.

ఆ వేషం ఎట్లా వేస్తారో చెబుతాను. కూడికలు వచ్చినవారికి ఇట్టే బోధపడుతుంది. కంప్యూటరు ఏది దాచినా ఒకట్లు, సున్నాలుగానే దాస్తుంది. ఎనిమిదింటిని కలిపి ఒక బైటు అంటారు. మూడు బైట్లు తీసుకోండి, మూడెనిమిదులు 24. ఆ 24ను ఆరేసి చొప్పున నాలుగు వాటాలు వెయ్యండి. ఆరు స్థానాల్లో ఒకట్లూ సున్నాలూ పేర్చడానికి సరిగ్గా 64 విధాలున్నాయి. ఇంగ్లీషు పెద్దబడి 26, చిన్నబడి 26, అంకెలు 10, కూడిక గుర్తు ఒకటి, ఏటవాలు గీత ఒకటి, వెరసి 64. ఒక్కొక్క విధానికి ఒక్కొక్క గుర్తు. ఇంకేముంది? ఫొటో అయినా, పాట అయినా, మాస్టారు ఎర్రసిరాతో దిద్దిన వ్యాసం అయినా, ఆ 64 గుర్తుల పొడుగాటి వుత్తరమై ఎవరి అభ్యంతరమూ లేకుండా దారి దాటుతుంది. అవతల వేషం విప్పితే యథారూపం. దీన్ని బేస్64 అంటారు.

వేషానికి కొంత బరువు తప్పదు. మూడు బైట్లు నాలుగు అక్షరాలవుతున్నాయి గదా. "తెలుగు" అన్న చిన్న మాటే యీనాడు చెల్లుబాటులో వున్న యూనికోడు లెక్కలో 18 బైట్లు. వేషం కడితే 24 అక్షరాలు. అంచేత వుత్తరం మొత్తం 25 మెగాబైట్లు దాటకూడదని హద్దు వుంటే, అందులో నిజంగా పట్టే సరుకు దాదాపు 18 మెగాబైట్లే. "నా ఫైలు ఇరవయ్యే, ఎందుకు పోలేదు?" అని జిరాక్సు దుకాణంలో తగాదాపడే కుర్రవాళ్లకు జవాబు ఇక్కడ వుంది.

ఇక ఒకే వుత్తరంలో మాటలూ వుండాలి, కాగితాలూ వుండాలి. వాటిమధ్య, లోపలెక్కడా రానటువంటి ఒక గుర్తు వాక్యాన్ని గట్టులాగా వేస్తారు. ప్రతి మడికీ ముందు ఒక చీటీ: యిది మామూలు రాత, యిది పీడీఎఫ్, దీని పేరు ఫలానా, దీన్ని జతగా చూపించు అని. ఆ చీటీ తప్పు రాస్తే అవతలివారికి కాగితం బదులు అర్థంకాని అక్షరాల దండకం కనిపిస్తుంది. పైథాన్‌లో యీ గట్లూ చీటీలూ మనం చేత్తో రాయనక్కరలేదు. ఫలానా ఫైలు జతపరచు అని ఒక్క వాక్యం రాస్తే అదే చూసుకుంటుంది.

వుత్తరం సిద్ధమయ్యాక స్క్రిప్టు వెళ్లి తపాలా యంత్రం తలుపు తడుతుంది. వాళ్ల సంభాషణ భలేగా వుంటుంది. "నమస్కారం, నేను ఫలానా." "250." "పంపేది ఫలానావారు." "250." "అందుకునేది ఫలానావారు." "250." "వుత్తరం చెప్పమంటారా?" "354, కానియ్యి." అంతా చెప్పి, ఒక వరసలో ఒంటరిగా ఒక చుక్క పెడితే అయిపోయిందని అర్థం. "250." యీ 250 అంటే సరే, పుచ్చుకున్నాను అని. నాలుగుతో మొదలయ్యే అంకె వస్తే యిప్పుడు కాదు, కాసేపాగి రా అని. అయిదుతో మొదలైతే యిది జరగని పని అని. 550 వస్తే చాలాసార్లు ఆ పేరుగల పెట్టె లేదనే అర్థం.

ఇక్కడ పిల్లలంతా గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి వుంది. ఆ 250 తపాలావాడు సంచిలో వేసుకున్నాడనడానికి గుర్తు. అవతలివారి చేతికి చేరిందనీ, వారు చదివారనీ దాని అర్థం కాదు. దరఖాస్తుకు ఆఖరు రోజు రాత్రి పదకొండున్నరకు పంపి, "వెళ్లింది" అని కనిపించగానే ఊపిరి పీల్చుకునేవారు యీ తేడా తెలుసుకోవాలి.

యంత్రానికి తాళం కూడా వుంది. సొంత జీమెయిలు ఖాతాలకు మామూలు పాస్‌వర్డు ఒక్కటే చెప్పి స్క్రిప్టులు లోపలికిపోవడాన్ని గూగుల్ 2022 మే 30 నుంచి ఆపేసింది. రెండంచెల తనిఖీ పెట్టుకుని, స్క్రిప్టుకోసం వేరే 16 అక్షరాల పాస్‌వర్డు తీసుకోవాలి. దాన్ని స్క్రిప్టులోనే రాసిపెట్టడం ఇంటి తాళంచెవి గుమ్మానికి వేలాడగట్టినట్టే. ఎందుకంటే స్క్రిప్టు నలుగురి చేతుల్లోనూ తిరిగే కాగితం. మేనకోడలు ఆ తాళంచెవిని వేరేచోట దాచింది.

ఇదంతా విని మాస్టారు సంతోషిస్తారనుకున్నాను. ఆయన గడ్డం నిమురుకుంటూ కూర్చున్నారు.

"మావయ్యా, ఎవరికి ఏది పంపాలో మీరు చెప్పండి, చాలు. తక్కిన పని అది చూసుకుంటుంది" అన్నది అమ్మాయి.

"ఆ చెప్పడమే గదమ్మా భయం!" అన్నారాయన.

ఆయన భయం వూరికే పుట్టలేదు. నల్లగొండవైపునుంచి వచ్చిన ఒక అమ్మాయి అశోక్‌నగర్‌లో హాస్టల్లో వుంటూ చదువుకుంటోంది. ఇదివరకు మరోచోట చదివేది. ఆ శిక్షణాలయంవారు కూడా ఇట్లాగే ఒక్క నొక్కుతో అందరికీ వుత్తరాలు పంపేవారు. ఒక వారం ఎవరో జాబితాను మార్కుల వరసన పేర్చబోయారు. పేర్ల వరస కదిలింది, చిరునామాల వరస కదలలేదు. స్క్రిప్టు తనకు చెప్పినట్టే చేసింది. క్షణాల్లో వందలమందికి ఇతరుల కాగితాలు పోయాయి. జవాబుపత్రం మీద పేరు వుండదు. అంకె మాత్రమే వుంటుంది. యీ అమ్మాయికి వచ్చిన వుత్తరంలో చాలా తక్కువ మార్కులున్నాయి. తనవేననుకున్నది. మూడేళ్లుగా తల్లి కూలిడబ్బులు పంపుతోంది. ఆ రాత్రి తల్లికి ఫోను చేసి, "అమ్మా, ఇగ నాతోని కాదే. ఇంటికొస్తున్న" అన్నదట. పెట్టె సర్దుకున్నది. సవరణ వుత్తరం రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లో ఆమె నిజంగానే బస్సెక్కి వుంటే? ఇటు యీమె పేరూ, ఫోను నంబరూ వున్న కాగితం ఎవరి పెట్టెలోకి పోయిందో ఎవరికి తెలుసు?

చేత్తో పంపినా పొరపాటు జరుగుతుంది. అయితే చేతి పొరపాటు ఒకటితో ఆగుతుంది. రెండోది పంపబోయేలోగా మనకే అనుమానం వస్తుంది. స్క్రిప్టుకు అనుమానం అన్నది లేదు. ఒప్పును ఎంత వేగంగా పంచుతుందో తప్పునూ అంత వేగంగానే పంచుతుంది. కావాలని చేసే చెడుకూ అదే వేగం. 2000 మే 4న ఫిలిప్పీన్స్ నుంచి ఒక వుత్తరం బయలుదేరింది. నిన్ను ప్రేమిస్తున్నాను అని పైన రాసి వుంది. లోపల ప్రేమలేఖ పేరుతో ఒక అటాచ్‌మెంటు. చూడడానికి మామూలు రాతకోతల ఫైలులాగే వుంది. దాని అసలు తోకను విండోస్ దాచిపెట్టింది. అది నిజానికి ఒక స్క్రిప్టు. ఎవరు తెరిస్తే వాళ్ల చిరునామాల పుస్తకంలో వున్న అందరికీ తన్ను తానే జతపరచుకుని పోయింది. లక్షలాది కంప్యూటర్లు జబ్బుపడ్డాయి. బ్రిటిషు పార్లమెంటువారు కూడా తమ ఈమెయిలు కట్టేసుకోవలసి వచ్చింది. ప్రేమలేఖ అంటే ఎంతటివారైనా తెరవకుండా వుండలేకపోయారన్నమాట! అప్పటికి ఆ దేశంలో అటువంటి నేరానికి చట్టమే లేక, చేసిన యువకుడిమీద కేసు నిలవలేదు. ఆ తరవాతే చట్టం వచ్చింది. ఇవాళ జీమెయిలు వంటివి అటువంటి తోకలున్న ఫైళ్లను గుమ్మంలోనే ఆపుతున్నాయి. అయినా, తెలిసినవారి పేరుతో వచ్చినా సరే, అనుకోని అటాచ్‌మెంటు వస్తే తెరిచేముందు ఒక్క ఫోను చేసి అడగడం మంచిది.

మాస్టారి భయం విన్నాక మేనకోడలు నవ్వలేదు. స్క్రిప్టును మళ్లీ మొదటినుంచీ రాసింది. ఎవరికైనా పనికివస్తుందని ఆ కట్టుబాట్లు ఇక్కడ చెబుతున్నాను. జాబితాలో ఎన్నో వరస అన్నదాన్ని నమ్మకూడదు. ప్రతి విద్యార్థికీ ఒక అంకె. ఆ అంకే ఫైలు పేరులోనూ వుండాలి. రెండూ కలిస్తేనే వుత్తరం కట్టాలి. మొదటి వుత్తరం పంపకముందే 120 కాగితాలూ వున్నాయో లేదో లెక్క చూడాలి. ఒకటి తగ్గినా, ఒకటి ఎక్కువైనా ఏదీ పంపకుండా ఆగిపోవాలి. ఒక్కొక్కరికి విడివిడిగా వుత్తరం పోవాలి, ఒకరి చిరునామా మరొకరికి కనపడకూడదు. పంపిన ప్రతిదానికీ వేళా, వచ్చిన జవాబూ చిట్టాలో రాసుకోవాలి. మధ్యలో కరెంటు పోతే, తిరిగి వచ్చాక ఆ చిట్టా చూసి మిగిలినవారికే పంపాలి. వుత్తరానికీ వుత్తరానికీ నడుమ కొన్ని సెకన్లు ఆగాలి. గుక్కతిప్పుకోకుండా వదిలితే తపాలా యంత్రం దొంగవుత్తరాలేమోనని అనుమానిస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం రిహార్సలు. అసలు పంపకముందు ఆ 120 వుత్తరాలూ మాస్టారి పెట్టెకే రావాలి, ఎవరికి పోబోతున్నదో ఆ పేరు పైన కనపడాలి. అన్నీ సరిగా వున్నాయని ఆయన చూసి, తన చేత్తో "సరే" అని తెలుగులో కొట్టాలి. అప్పుడుగాని అసలు నాటకానికి తెర లేవదు.

యిప్పుడు ప్రతి ఆదివారం పంపడానికి పట్టేది పది పన్నెండు నిమిషాలు. స్క్రిప్టు దాని మానాన అది పంపుకుంటుంది. మాస్టారు మాత్రం అంతకుముందు ఒక గంటసేపు కళ్లజోడు పెట్టుకుని కూర్చుంటారు. రిహార్సలు వుత్తరాలు ఒక్కొక్కటే తెరిచి, పైన పేరూ లోపల అంకే సరిచూసి, అంకె కింద వేలుపెట్టి చదువుతారు. మొన్న మేనకోడలు ఫోను చేసినప్పుడు యీ సంగతి విని, "అన్నీ ఎందుకు మావయ్యా? మచ్చుకు పది తెరిచి చూస్తే చాలదూ?" అన్నది.

"ఆ పదిలో లేని పిల్లల మాటేమిటమ్మా?" అన్నారు మాస్టారు, పదకొండో వుత్తరం తెరుస్తూ.